ఇరవయ్యేడో నంబరు కుర్చీ

మినోసె దీవికి నేను ముప్పై మూడు రోజుల కోసం వచ్చాను. ఆరేళ్ళయింది, ఇంకా ఇక్కడే ఉన్నాను. ఎలా ఉండిపోయావని ఎవరైనా అడిగితే ఒక కుర్చీ వల్ల అని చెబుతాను. ఆ కుర్చీలో కూర్చున్నది మాత్రం నేను కాదు, ఎనభై రెండేళ్ళ ఫుసానో బామ్మ.

అంతకు ముందు ఒకాయమా నగరంలో ఒక పెద్ద దుకాణంలో కానుకలు చుట్టే బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. వచ్చినవాళ్ళకి నడుము వంచి దణ్ణం పెట్టడం, కాగితం మడవడం, రిబ్బను కట్టడం, మళ్ళీ నడుము వంచడం. ఒకరోజు పొద్దున్నే యజమానులంతా వరసగా నిలబడి మాకే నడుములు వంచారు. అంత లోతుగా వంచారంటేనే అర్థమైంది, దుకాణం మూసేస్తున్నారని. నలభై ఒక్కేళ్ళకి నా చేతిలో మిగిలిన విద్య కాగితం చిరగకుండా మడవడం ఒక్కటే. పనికోసం తిరుగుతుంటే స్టేషన్లో ఒక పోస్టరు కనబడింది. దీవుల్లో శరత్కాలపు కళల పండుగట, వాలంటీర్లు కావాలిట, పడకా రెండు పూటలా భోజనం ఉచితమట. కళ గురించి నాకేమీ తెలీదు. భోజనం గురించి బాగా తెలుసు. సంతకం పెట్టేశాను.

వాలంటీర్లని చూసుకునే కురామోచి అనే కుర్రాయన నన్ను పడవ దిగీ దిగగానే ఇరవయ్యేడో నంబరుకి కేటాయించాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో ఈల, చేతిలో నియమాల పుస్తకం. ఆ పుస్తకం ఆయన నిద్రలో కూడా తలకింద పెట్టుకుంటాడని నా అనుమానం.

"కయోకోగారూ, మీ కళాఖండం ఇంకా రాలేదండి," అన్నాడు, అదేదో తన ఇంట్లో జరిగిన తప్పన్నట్టు. "బెల్జియం నుంచి ఒకావిడ గాజు గొట్టాలు పంపుతున్నారు. పెట్టె పెద్ద రేవులో కస్టమ్స్ దగ్గర ఇరుక్కుపోయింది."

"అయితే ఇల్లు మూసేయనా?"

"మూయకూడదండి. పటంలో నంబరు అచ్చయిపోయింది. జనం ముద్ర కోసం వస్తారు. మీరు తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా తెరిచి ఉంచి, క్షమాపణ కాగితం తలుపుకి అంటించి, ముద్ర వేసి పంపండి."

ఆ ముద్రల సంగతి చెప్పాలి. పండుగకి వచ్చే ప్రతివాడి చేతిలోనూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఒక్కో కళాఖండం దగ్గర ఒక్కో ముద్ర. కళని చూడకుండానైనా వెళ్ళిపోతారు కానీ ముద్ర లేకుండా మాత్రం కదలరు.

ఇరవయ్యేడో నంబరంటే పడమటి సందులో ఓ ఖాళీ ఇల్లు. ముందు గది మట్టి నేల. ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో సముద్రపు గాలి. బయట నంబరు పలక, లోపల సందర్శకులు కూర్చునే బల్ల ఒకటి, గోడకి ఇంకో పలక: 'దయచేసి తాకవద్దు, మాట్లాడవద్దు.' అంతకు మించి ఏమీ లేదు. మొదటి రోజే వాన పడింది. తలుపు మీది క్షమాపణ తడిసి సిరా కారిపోయి ఏడుపు మొహం పెట్టింది. దాన్ని పీకేసి, కొత్తది పంపమని, అవతలి ఒడ్డు ఆఫీసుకి వెళ్ళిపోయిన కురామోచికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం పడవలో పంపిస్తానన్నాడు.

వాన వెలిసీ వెలవగానే ఓ ముసలావిడ చంకలో బుట్టతో, చేతిలో చిన్న కుర్చీతో లోపలికి వచ్చింది. నన్ను అడగలేదు. గదికి సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని, కాళ్ళ దగ్గర బుట్ట పెట్టుకుని, ఎండిన కాయల్లోంచి ఎర్ర బొబ్బర్లు ఒలవడం మొదలుపెట్టింది.

"బామ్మగారూ, ఇది పండుగ వాళ్ళ ఇల్లండి," అన్నాను.

"తెలుసు. మా పక్కిల్లు. నలభై ఏళ్ళుగా బొబ్బర్లు ఇక్కడే ఒలుస్తున్నా. మా ఇంట్లో గాలి రాదు," అంది. "నీ పండుగకి నేనేం అడ్డం? ఇక్కడేమైనా ఉందా?"

ఏమీ లేదు. ఆమె ఫుసానో బామ్మ అని తర్వాత తెలిసింది.

పది నిమిషాలకి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. గుమ్మంలో ఆగి బామ్మని చూశారు. ఒకమ్మాయి రెండో అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నెమ్మదిగా లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని, ఊపిరి బిగపట్టి చూడటం మొదలుపెట్టారు. బామ్మ పైకి చూడనైనా లేదు. కాయ చిట్లుతోంది, గింజలు బుట్టలో పడుతున్నాయి. వెళ్ళేటప్పుడు ఇద్దరూ బామ్మకి నడుము వంచి దణ్ణం పెట్టారు. బామ్మ కూడా, మర్యాద తెలిసిన మనిషి కనుక, తల వంచింది. దాంతో ఆ పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను నోరు తెరవబోయాను. తెరిచి ఏమని చెప్పను? మీరు కళ అనుకున్నది పక్కింటి బామ్మ అని చెబితే వాళ్ళ మొహాలు ఏమవుతాయి? మాలో ఒక మనిషిని అలా సిగ్గుపరచడం కన్నా మూడు రోజులు అన్నం మానేయడం తేలిక. ముద్ర వేసి పంపేశాను. వాళ్ళ వెనకాలే ఓ పెద్దమనిషి, ఆయన వెనక ఒక కుటుంబం. ఎవరూ 'ఈమె ఎవరు' అని అడగలేదు. అడిగితే తమకి కళ అర్థం కాలేదని పక్కవాడు అనుకుంటాడని అందరికీ భయం. మధ్యాహ్నం పడవలో కొత్త క్షమాపణ కాగితం వచ్చేసరికే పదకొండు మంది చూసి వెళ్ళారు. ఇప్పుడు కాగితం అంటిస్తే ఆ పదకొండు మందినీ వెర్రివాళ్ళని చేసినట్టే. కాగితం మంచిది, మందంగా ఉంది. మడిచి దాచుకున్నాను.

ఒక్క మాట. నేను అబద్ధం ఆడలేదు. ఒకాయన "ఈ ప్రదర్శన ఎంతసేపు?" అని అడిగితే, "తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా," అన్నాను. "వాడిన పదార్థం?" అంటే, "ఎర్ర బొబ్బర్లు," అన్నాను. "ఈమె ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?" అంటే, "నలభై ఏళ్ళు," అన్నాను. ఆయన మూడూ రాసుకుని, తల ఆడిస్తూ వెళ్ళాడు.

మూడో రోజుకి బామ్మకే అనుమానం వచ్చింది.

"అమ్మాయ్, వీళ్ళంతా నన్నెందుకు చూస్తున్నారే?"

జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఇంకో కాయ ఒలిచి గింజలు బుట్టలో వేసింది.

"కొండ మీద నీలం బొమ్మ పెట్టారే, దానికెంతమంది వస్తున్నారు?"

"రోజుకి వందమందట."

"నాకు?"

"నిన్న నూట నలభై."

మర్నాడు కొత్త ఏప్రను కట్టుకుని, జుట్టు దువ్వుకుని వచ్చింది. నేను ఆమెకి ఒక్కటే షరతు పెట్టాను: పలక మీద రాసినట్టు ఇక్కడ ఎవరూ మాట్లాడకూడదు, ఆమె కూడా. "మాట్లాడ్డానికి ఎవరున్నారు నాకు?" అంది. ఒక మధ్యాహ్నం ఆమె మరుగుదొడ్డికి వెళ్తే, వచ్చిన విద్యార్థులు ఖాళీ కుర్చీని పావుగంట చూశారు. అదే అన్నిటికన్నా బాగుందని ఒకమ్మాయి నా దగ్గర అభిప్రాయం కూడా రాసి వెళ్ళింది. అది బామ్మకి చదివి వినిపించే ధైర్యం నాకు లేకపోయింది.

ఆరో రోజు హిసాయో వచ్చింది.

సందులో ఫుసానో ఇంటికి ఎదురిల్లే హిసాయోది. ఒక తోపుడుబండి పట్టేంత సందు, అటొకరు ఇటొకరు. డెబ్భై ఎనిమిదేళ్ళ హిసాయో ఫుసానోకి స్వయానా చెల్లెలు. ఇద్దరూ మాట్లాడుకుని పద్నాలుగేళ్ళు. ఊరంతా తిరిగే ప్రకటనల అట్ట ఒకటుంటుంది ఇక్కడ. చదివి, ఇంటిపేరు ముద్ర వేసి, పక్కింటికి అందించాలి. ఫుసానో తర్వాత వంతు హిసాయోది. అట్టని చెల్లెలి చేతికి ఇవ్వాల్సొస్తుందని ఫుసానో పద్నాలుగేళ్ళుగా దాన్ని సందు చివరి ఇంటికి మోసుకెళ్ళి ఇస్తోంది. అలా ఊరి వరసంతా తలకిందులై, హిసాయో చేతికి ఆఖర్న చేరుతుంది.

గొడవ ఒక జాడీ గురించి. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ చేతుల మీదుగా వచ్చిన తవుడు జాడీ. ఉప్పు కలిపిన తవుడులో కూరగాయలు పాతిపెట్టి పులియబెడతారు. రోజూ చేత్తో అడుగుదాకా కలపాలి. తుంటి ఆపరేషన్ కోసం ఫుసానో పదిరోజులు పట్నం వెళ్తూ జాడీని చెల్లెలికి అప్పగించింది. తిరిగొచ్చి మూత తీస్తే కుళ్ళిపోయింది. హిసాయో రోజూ కలిపానని ఒట్టేసింది. జాడీయే ముసలిదైపోయిందంది. "అమ్మని రెండోసారి చంపావు" అంది ఫుసానో. అంతే.

ఆ హిసాయో ఆరో రోజు టోపీ పెట్టుకుని, ఊరికెళ్ళే బూట్లు వేసుకుని, చేతిలో కొత్త ముద్రల పుస్తకంతో వచ్చింది. గుమ్మం దాటితే ఈ ఇల్లు. ఆమె అలా రాలేదు. సందు దిగి, రేవు దాకా పోయి, పుస్తకం తీసుకుని, బాణం గుర్తులు చూసుకుంటూ పైకెక్కి వచ్చింది. ఆరడుగుల దూరానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె అక్కని చూడ్డానికి రాలేదు మరి, ఇరవయ్యేడో నంబరుని చూడ్డానికి వచ్చింది.

సందర్శకుల బల్ల మీద కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. చూసింది. ఫుసానో తలెత్తలేదు కానీ కాయలు ఒలిచే వేగం రెండింతలైంది. పావుగంట తర్వాత హిసాయో లేచి, ముద్ర వేయించుకుని, బాణం గుర్తుల వెంటే దిగిపోయింది.

"ఎవరది?" అంది ఫుసానో.

"మీ చెల్లెలు కదండీ."

"మాట్లాడ్డానికొచ్చిందా, చూడ్డానికొచ్చిందా?"

"చూడ్డానికి."

"అయితే రానీ."

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నియమం ప్రకారం ఒక కళాఖండానికి ఒకే ముద్ర. నేను రోజూ వేశాను. పుస్తకంలో మిగతా గళ్ళన్నీ వదిలేసి ఇరవయ్యేడో నంబరు ముద్రలే బారులు తీరాయి. ఒకరోజు మెట్ల దగ్గర ఆమెని పట్టుకున్నాను.

"లోపల ఎవరూ లేనప్పుడు ఒక మాట మాట్లాడకూడదాండీ?"

"మాట్లాడకూడదని రాసిపెట్టారుగా."

"ఆ పలక తీసేస్తానండీ."

"నియమం నియమమే," అంది, టోపీ సర్దుకుంటూ.

ఫుసానోని అడిగితే, "తప్పు చేసింది అది. మొదలు అదే పెట్టాలి," అంది. ఇద్దరివీ ఒకే మొండితనం, వాళ్ళ అమ్మ జాడీతో పాటు అది కూడా పంచిపెట్టినట్టుంది. నాకు ఎందుకంత పట్టిందో తెలీదు కానీ, దుకాణం మూసిన తర్వాత దేన్నైనా నేను గట్టిగా కోరుకున్నానంటే అదొక్కటే: పండుగ అయిపోయేలోగా వీళ్ళలో ఒకరు నోరు విప్పాలి. నవంబరు నాలుగున నంబరు పలక ఊడిపోతుంది. పలక ఊడితే హిసాయోకి రావడానికి వంక ఉండదు, ఫుసానోకి రానివ్వడానికి వంక ఉండదు. ఆ ఆరడుగుల సందు మళ్ళీ సముద్రమంత అవుతుంది.

ఇలా ఉండగా, పండుగ ఇంకా పన్నెండు రోజులుందనగా కురామోచి ఫోన్ చేశాడు. పెట్టె రేవు నుంచి బయటపడింది. గాజు గొట్టాలు వచ్చేస్తున్నాయి.

మర్నాడు ఆయనే వచ్చాడు. వచ్చేసరికి మా తలుపు దగ్గర నలభై మంది వరసలో ఉన్నారు. అధికారి కదా, నేరుగా లోపలికి వెళ్ళొచ్చు. కానీ వరసని దాటి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. వెళ్ళి చివర నిలబడ్డాడు. యాభై నిమిషాలు నిలబడ్డాడు. లోపలికి వచ్చి, బామ్మని చూసి, నోరు తెరిచి, గోడ మీది పలక చదివి, నోరు మూసుకున్నాడు. తన వంతు సమయమంతా చూసి బయటికొచ్చాడు.

"కయోకోగారూ, ఎవరండీ ఆవిడ?"

"పక్కింటావిడండి."

"ఏం చేస్తున్నారు?"

"బొబ్బర్లు ఒలుస్తున్నారు."

"క్షమాపణ కాగితం?"

"నా దగ్గర భద్రంగా ఉందండి. చిరగలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. నియమాల పుస్తకం తెరిచాడు, ఎక్కడా బామ్మ గురించి లేదు, మూశాడు. నన్ను మధ్యాహ్నం పడవలోనే పంపించేసేవాడేమో. కానీ వెనకున్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు కనుక అలవాటు కొద్దీ జేబులోంచి తన ముద్రల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. వేశాను. సిరా ఆరేదాకా ఇద్దరం దానికేసే చూస్తూ నిలబడ్డాం.

"పెట్టె వచ్చాక ఇదంతా ఆగిపోవాలి," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

పెట్టె వచ్చింది. సందు మొదట్లో ఆగింది. హిసాయో ఇంటి ద్వారబంధం పక్కన సందులోకి పొడుచుకొచ్చిన రాతి స్తంభం ఒకటుంది. దాని దగ్గర సందు, పెట్టె కన్నా జానెడు తక్కువ. బయట విప్పకూడదు, గదిలోనే వరసగా తీయాలి అని పెట్టె మీద నాలుగు భాషల్లో రాసుంది. కురామోచి ఆ నాలుగూ చదివాడు. ఒక్క రోజు స్తంభం తీసి మళ్ళీ పెడతామని అట్ట మీద విన్నపం రాసి ఊళ్ళో తిప్పాడు. పది ఇళ్ళవాళ్ళు ఎప్పట్లాగే చదవకుండా ముద్రలేశారు. పదకొండోది హిసాయోది. ఆమె భూతద్దం పెట్టుకుని ఆసాంతం చదివి, ముద్ర వేయకుండా వెనక్కి పంపింది.

కురామోచి మిఠాయి డబ్బాతో వెళ్ళి గుమ్మంలో నడుము వంచాడు.

"ఆ రాయి మా ఆయన పెట్టింది," అంది హిసాయో.

"సాయంత్రానికి ఎక్కడిదక్కడ పెట్టేస్తామండి."

"మా ఆయన్ని కూడా పెట్టేస్తారా?"

మర్నాడు పెద్ద డబ్బాతో వెళ్ళాడు. డబ్బా తీసుకుంది. రాయి ఇవ్వలేదు. మూడో రోజు నన్ను బతిమాలాడు. "మీ మాట వింటారేమో చూడండి. మీ తప్పులన్నీ మర్చిపోతాను."

వెళ్ళాను. ఆమె తన వాకిట్లో నారింజలు తొక్క తీస్తోంది. నాకొకటి ఇచ్చింది.

"ఆ పెట్టె లోపలికొస్తే ఆ కుర్చీ ఎక్కడికి పోతుంది?" అంది.

"బయటికండి."

"అయితే ఆ రాయి కదలదు."

 నేను నారింజ తినేసి వచ్చి, ఆవిడ ససేమిరా ఒప్పుకోవడం లేదని కురామోచికి చెప్పాను. అదీ అబద్ధం కాదు. నా మొహంలో నవ్వు ఆయన చూశాడో లేదో తెలీదు. చూసినా, అలాంటివి చూడనట్టుండటం ఆయనకి వచ్చు. గాజు గొట్టాలు పెట్టెలోనే బెల్జియం తిరిగి వెళ్ళిపోయాయి. ఆ రోజు ఇంటింటికీ మిఠాయి పంచిపెట్టింది హిసాయో. ఎదురింటికి తప్ప.

నవంబరు నాలుగు వచ్చేసింది. పొద్దున్నుంచి జనం. సాయంత్రం నాలుగుంపావుకి చివరి పడవ కోసం అందరూ రేవుకి దిగిపోయారు. అప్పుడు వచ్చింది హిసాయో, టోపీతో, బూట్లతో. ఇరవై ఎనిమిదో సారి. పుస్తకం నాకిచ్చి బల్ల మీద కూర్చుంది. ఫుసానో బుట్టలో ఒలవాల్సిన కాయలు నాలుగో అయిదో ఉన్నాయి. వాటిని ఆమె చాలా నెమ్మదిగా ఒలుస్తోంది.

నాలుగున్నర అయింది. నేను స్క్రూడ్రైవరు తీసుకుని నంబరు పలక ఊడదీశాను. తర్వాత 'మాట్లాడవద్దు' పలక. ఒక్కో స్క్రూ కిందపడుతుంటే గదంతా వినిపించింది. హిసాయో లేవలేదు.

"అయిపోయిందా?" అంది నాకేసి చూసి.

"అయిపోయిందండి."

"అయితే మాట్లాడొచ్చు."

"మాట్లాడొచ్చండి."

హిసాయో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని అంచు పట్టుకుని తిప్పుతోంది. ఇక లేచి వెళ్ళిపోతుందని నాకు భయమేసింది.

"నాలుగు రోజులు కలపలేదు," అంది. "పడవ పందేలకని అటు దీవికి వెళ్ళా. అక్కడే ఉండిపోయా. నీకు రోజూ కలిపానని చెప్పా."

ఫుసానో ఆఖరి కాయ ఒలిచింది. గింజలు బుట్టలో వేసింది.

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"మూత తీసినప్పట్నుంచి. వాసన చూస్తే ఎన్ని రోజులైందో నాకు తెలీదటే?"

"మరి పద్నాలుగేళ్ళు నోరు మూసుకుని ఎందుకున్నావక్కా?"

"నువ్వు చెప్తావని."

"మధ్యలో నువ్వు చచ్చిపోయుంటే?" హిసాయో టోపీ అంచు వదిలేసింది. "చచ్చిపోయుంటే ఏం చేసేదానివే?"

"అందుకే చావలేదు," అంది ఫుసానో.

నేను తలుపు దగ్గర పలకలు పట్టుకుని సిగ్గు లేకుండా ఏడ్చాను. వాళ్ళిద్దరూ మాత్రం ఏడవలేదు. ఈ వాలంటీరు పిల్లకి ఏమైందని ఇద్దరూ కలిసి నాకేసి చూశారు. తర్వాత చెల్లెలి టోపీ ఎంత అసహ్యంగా ఉందో అక్క చెప్పడం మొదలుపెట్టింది. నేను చివరి పడవ అందుకోలేదు.